కాగితం కట్టుకున్న పాట

"అయితే బ్యారీ చెప్పింది నిజమేనన్నమాట," అంది లొరేన్.

డెరెక్ రొట్టెముక్కకి వెన్న రాస్తున్నాడు. వెన్న ఎప్పుడో అయిపోయింది. ఉత్త రొట్టె మీద కత్తి గరగరమంటోంది.

"నిన్నే అడిగేది. విన్స్ ఫోన్ చేశాడా లేదా?"

"చేశాడు."

"ఎప్పుడు?"

"చలికాలంలో. క్రిస్మస్ ముందు."

"ఏమన్నాడు?"

"బ్యాండు మళ్ళీ కలుస్తోంది, లొరేన్ పాడుతుందా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

డెరెక్ కత్తి కింద పెట్టాడు. కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. పెరట్లో చూడటానికేమీ లేదు, తడిసిన బట్టల తీగ తప్ప.

"నువ్వు పాడలేవన్నాను."

ముందురోజు సంతలో, చేపల కొట్టు దగ్గర, ఆమె పాత బ్యాండులో డ్రమ్మర్ బ్యారీ ఎదురుపడి లొరేన్‌ని గట్టిగా కావలించుకున్నాడు. "నిక్షేపంలా ఉన్నావే! విన్స్ ఫోన్ చేస్తే, మంచం దిగలేని స్థితిలో ఉన్నావని డెరెక్ అంటే ఎంత బాధపడ్డామో!" అన్నాడు. చేతిలో చేపల పొట్లంతో ఆమె అలాగే నిలబడిపోయింది. రాత్రంతా ఆ మాట మింగలేక, కక్కలేక పడుకుంది. ఇప్పుడు తెల్లారింది. శనివారం. బ్యాండు మళ్ళీ కలిసి పాడే కచేరీ ఈరోజే.

"మంచం మీద ఉన్నానని కూడా చెప్పావట."

"అంతమాట అనలేదు. ఆపరేషన్ అయింది, గొంతు పోయింది అన్నాను. వాళ్ళే ఏదో ఊహించుకుని ఉంటారు."

"గొంతు పోయిందా? ఇప్పుడు నీతో మాట్లాడుతున్నది ఎవరి గొంతు?"

"మాట్లాడటం వేరు, పాడటం వేరు లొరేన్. ఆపరేషన్ అయ్యాక నువ్వెంత ఏడ్చావో నేను చూశాను. పదివేల మంది ముందు నిలబడి ఆ గొంతు పలక్కపోతే? నవ్వులపాలవుతావని..."

"అవుతాను. అయితే అవుతాను. ఆ మాట చెప్పాల్సింది నేను. నా నోరు నాకుండగా నువ్వెవరు మధ్యలో?"

"నీ మొగుణ్ణి."

"మొగుడివి. నా గొంతుకి కాపలావాడివి కాదు."

ఫ్రిజ్ తలుపు మీద, అయస్కాంతం కింద, రెండు టికెట్లు వేలాడుతున్నాయి. వేసవి మొదట్లో డెరెక్ తెచ్చాడు. తెచ్చిన రోజు చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. "మన కాలంనాటి బ్యాండులన్నీ ఒకే రోజు, ఒకే మైదానంలో! మీ బ్యాండు వెట్ మ్యాచెస్ కూడా!" అన్నాడు. ఆమెకి పాడమని పిలుపు రాలేదే అని లోపల గుచ్చుకుంది. అయినా అతని సరదా చెడగొట్టలేక నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడు ఆమె ఒళ్ళు భగ్గుమంది.

"వాళ్ళు నన్ను పిలిస్తే తలుపు మూసేశావు. మూసేసి, వెళ్ళి టికెట్లు కొనుక్కొచ్చావు. నేను రాసిన పాట నేనే టికెట్టు కొనుక్కుని, గడ్డిలో కూర్చుని వినాలా?"

"నీకు సంతోషంగా ఉంటుందనుకున్నా."

"ఒకసారి అడిగి ఉంటే తెలిసేది కదా! గురువారం గురువారం నువ్వు క్లబ్బుకి వెళ్ళగానే ఈ వంటింట్లో నేనేం చేస్తున్నానో నీకు తెలుసా?"

డెరెక్ తెల్లమొహం వేశాడు.

"పాడుకుంటున్నాను. ఏడాదిన్నరగా. పక్కింటి ముసలాయన గోడ మీద తట్టి, 'ఇంకోటి పాడమ్మా' అంటాడు. గోడ అవతలివాడికి తెలిసింది. గోడ ఇవతల నీకు తెలీలేదు."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టీ కప్పు అందుకున్నాడు. చల్లారిపోయిన టీని గడగడా తాగేశాడు.

ఇంతలో వీధితలుపు తోసుకుని క్లేర్ వచ్చింది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. చంకలో మడత కుర్చీలు, చేతిలో చిప్స్ సంచీ, తను కొనుక్కున్న టికెట్టు.

"రెడీయేనా ఇద్దరూ? అమ్మా, వాన కోటు పెట్టుకో. షెఫీల్డ్ ఆకాశాన్ని నమ్మి..." అంటూ వంటింట్లోకొచ్చి ఆగిపోయింది. తండ్రి మొహం చూసింది. తల్లి మొహం చూసింది. కుర్చీలు మెల్లగా గోడకి ఆనించింది.

"చెప్పేశావా నాన్నా?"

అంతే. ఆ మాటతో లొరేన్ కూతురి వైపు తిరిగింది.

"నీకూ తెలుసా?"

క్లేర్ నీళ్ళు నమిలింది. "నాన్న అడిగాడమ్మా, ఏం చెయ్యమంటావని. నీ మంచికేననుకుని..."

"నా మంచికి! ఈ ఇంట్లో నా మంచి కోసం ఎన్ని సభలు జరిగాయో! నేను తప్ప అందరూ ఉన్నారు. పిల్లి కూడా ఓటేసిందా?"

"అరవకమ్మా, నీ గొంతు..."

"నా గొంతు!" లొరేన్ బల్ల మీద చరిచింది. చెంచాలు ఎగిరిపడ్డాయి. "ఇంకొక్కసారి ఈ ఇంట్లో ఎవరైనా నా గొంతు గురించి మాట్లాడితే నేను మనిషిని కాను."

పక్కింటి రేడియోలో వాతావరణ వార్తలు వినిపిస్తున్నాయి.

డెరెక్ ఫ్రిజ్ వైపు చూశాడు. "అయితే వెళ్ళొద్దులే. టికెట్లు చించేస్తాను."

"అదీ నువ్వే నిర్ణయించేశావా?" లొరేన్ లేచి, అయస్కాంతం పీకి, టికెట్లు తన జేబులో పెట్టుకుంది. "పదండి. వినాల్సిందే. నా చోట ఎవర్ని నిలబెట్టారో చూడాల్సిందే."

కారులో క్లేర్ పాటలు పెట్టబోయి, తల్లి చూపు అద్దంలో కనబడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

మైదానం నిండా బట్టతలలు. ఒకప్పుడు దువ్వెన గుచ్చితే నిలబడేంత జుట్టు పెంచిన తలలే అవన్నీ. నల్ల తోలు కోట్లకి బొత్తాలు పట్టడంలేదు. కనురెప్పలకి కాటుక దిద్దుకొచ్చిన అరవయ్యేళ్ళ ఆడవాళ్ళు మడత కుర్చీల్లోంచి లేవడానికి ఒకరికొకరు చెయ్యందించుకుంటున్నారు. "నీకు మోకాలా, తుంటా?" అని పరామర్శలు. వేదిక మీద సింథసైజర్ మోగగానే మాత్రం మోకాళ్ళు మర్చిపోయి గెంతుతున్నారు.

మరోరోజైతే లొరేన్ కూడా గెంతేదే. ఈరోజు చేతులు కట్టుకుని, కొయ్యలా నిలబడింది.

మధ్యాహ్నం వాలుతుండగా వెట్ మ్యాచెస్ వచ్చారు. వెనక డ్రమ్స్ దగ్గర బ్యారీ. ముందు గిటారుతో విన్స్. నెత్తిమీద టోపీ, ఒంటిమీద పొడుగు కోటు. జనం ఈలలేశారు. విన్స్ పక్కన ఒక అమ్మాయి నిలబడింది. మహా ఉంటే పాతికేళ్ళుంటాయి. లొరేన్ ఆ రోజుల్లో వేసుకున్నట్టే మగవాళ్ళ చొక్కా, సన్నటి టై.

"నాలా వేషం కూడా కట్టారు," అంది లొరేన్, ఎవరితోనూ కాకుండా.

నాలుగు పాటలయ్యాక విన్స్ మైకు దగ్గరికి వచ్చాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"తర్వాతి పాట మీకందరికీ తెలుసు. ఇది మా అమ్మ కోసం రాశాను. పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని..."

లొరేన్ చెవుల్ని నమ్మలేకపోయింది.

ఆ పాటలో అమ్మ లొరేన్ తల్లి. కత్తులకీ చెంచాలకీ మెరుగు పెట్టే కార్ఖానాలో ముప్పయ్యేళ్ళు చక్రం ముందు నిలబడిన మనిషి. నూనె, ఇసుక, నల్లటి మురికి మీద పడకుండా ఆ ఆడవాళ్ళంతా ఒంటికి గోధుమరంగు కాగితాలు చుట్టి, తాడుతో బిగించుకునేవాళ్ళు. సాయంత్రం అవి విప్పి పొయ్యిలో వేసి ఇంటికొచ్చేవాళ్ళు. ఆ పాట రాసింది బస్సులోనూ కాదు. తల్లి వీపుకి సబ్బు రుద్దుతూ, స్నానాలగదిలో నేల మీద కూర్చుని లొరేన్ కట్టింది. రికార్డు మీద మాత్రం అందరం కలిసి చేశామని బ్యాండు పేరే వేసుకున్నారు.

విన్స్ తల్లికి మిఠాయి కొట్టుండేది. చేతికి తొడుగు లేకుండా టీ కప్పు కూడా కడిగిన మనిషి కాదు.

పాట మొదలైంది. అమ్మాయి గొంతు బాగుంది. ఆ సంగతి లొరేన్ కాదనలేకపోయింది. కానీ రెండో చరణానికొచ్చేసరికి ఆమె పిడికిళ్ళు బిగుసుకున్నాయి.

"కాగితం పట్టుకుని పనికెళ్ళింది అమ్మ..."

"పట్టుకుని కాదు!" లొరేన్ గట్టిగానే అంది. "కట్టుకుని! కాగితం కట్టుకుని!"

చుట్టూ ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. డెరెక్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "పోనీలే లొరేన్. ఒక్క అక్షరం. పిల్ల బాగానే పాడుతోంది కదా."

"ఒక్క అక్షరమా? పట్టుకుని వెళ్తే ఆఫీసు గుమస్తా. కట్టుకుని వెళ్తే మా అమ్మ." మోచెయ్యి విదిలించుకుని జనంలోకి నడిచింది.

వేదిక పక్కన ఇనుప కంచె, కంచెకి ఒక గేటు, గేటుకి ఆరడుగుల కాపలావాడు.

"లోపలికెళ్ళే పట్టీ ఉందా అమ్మా చేతికి?"

"లేదు. లోపల వాళ్ళు పాడుతున్న పాట నాది."

"ఈ పొద్దుటినుంచి ఆ మాట చెప్పినవాళ్ళలో మీరు మూడోవారు," అన్నాడతను, విసుక్కోకుండానే.

పాట అయిపోయింది. చప్పట్లు ఆగకముందే బ్యాండు మెట్లు దిగింది. ఆ అమ్మాయి టై వదులు చేసుకుంటూ నీళ్ళసీసా కోసం గేటు దగ్గరి బల్ల వైపు వచ్చింది.

"ఇదిగో అమ్మాయ్! కట్టుకుని!" అని పిలిచింది లొరేన్.

"ఏంటండీ?"

"కాగితం కట్టుకుని. పట్టుకుని కాదు. ఒంటికి చుట్టుకునేవాళ్ళు, మురికి అంటకుండా."

అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. కళ్ళు పెద్దవయ్యాయి. "అయ్యో! అదా! పట్టుకుని ఎక్కడికెళ్తుందా అని నాకెప్పుడూ అనుమానమే. విన్స్‌ని అడిగితే 'ఏదో కాగితంలే, కవిత్వంలో అన్నీ అడక్కూడదు' అన్నాడు." ఇంకా దగ్గరికొచ్చింది. "మీరు లొరేన్ కదూ? పాత ఫోటోల్లో చూశాను. నా పేరు బెథన్. మీరు చాలా జబ్బుగా ఉన్నారన్నారే!"

"నాకూ నిన్ననే తెలిసింది," అంది లొరేన్.

బెథన్ కాపలావాడికి సైగ చేసింది. గేటు తెరుచుకుంది.

విన్స్ ఒక పెట్టె మీద కూర్చుని చెప్పులు విప్పుతున్నాడు. టోపీ లేదు. తల ఎత్తి చూసి, చెప్పు చేతిలోనే పట్టుకుని లేచాడు.

"లొరేన్."

"మీ అమ్మ ఎలా ఉండేది విన్స్? కాగితం కట్టుకుని లెమన్ మిఠాయిలు అమ్మేదా?"

అతను మొహం చిట్లించాడు. "అదేదో... జనానికి ఒక కథ కావాలి. మేనేజరు చెప్పమన్నాడు."

"కథ కావాలంటే నీ కథ చెప్పుకో. చచ్చిపోయిన మా అమ్మని ఎత్తుకుపోతావా? మా అమ్మ గోళ్ళ సందున ఆ నలుపు శవపేటికలో పెట్టేదాకా పోలేదు. దాన్ని తీసుకెళ్ళి నీ తల్లికి పూస్తావా?"

"తగ్గు లొరేన్. వింటున్నారు."

"విననీ!"

విన్స్ చెప్పు నేలకేసి కొట్టాడు. ఇప్పుడు అతనికీ కోపం వచ్చింది. "నీతులు నువ్వు చెప్తున్నావా? నడిరోడ్డు మీద మమ్మల్ని వదిలేసిన మనిషివి! ఎనభై రెండులో జర్మనీకి వెళ్ళాల్సిన రోజున రానని కబురు చెప్పించావు. మొహం చూపించి చెప్పే ధైర్యం కూడా లేదు నీకు. పాడేమనిషి లేకుండా అక్కడికెళ్ళి మేం పడ్డ అవమానం నీకేం తెలుసు? తిరిగొచ్చాక బ్యాండు నెల తిరక్కుండా చచ్చిపోయింది. ఆ పాట నువ్వే వదిలేసుకున్నావు. నేను ఏరుకున్నాను."

లొరేన్‌కి ఒక్కసారిగా ఏమీ అర్థం కాలేదు.

"ఎవరు రానన్నారు? సూట్‌కేసు మీద కూర్చుని సాయంత్రం దాకా ఎదురుచూశాను, మేం ఉండే గది కింద, మాంసం కొట్టు ముందు, పేవ్‌మెంటు మీద. మీ వ్యాను రాలేదు. మీరే నన్ను వదిలేసి వెళ్ళారు."

"వచ్చాం. పొద్దున్నే వచ్చాం. ఓడ వేళ ముందుకి జరిగింది. నువ్వు లేవు."

"అమ్మకి చెప్పి రావడానికి వెళ్ళాను. గంటలో వచ్చేశాను!"

"మీ గది తలుపు డెరెక్ తీశాడు." విన్స్ గొంతు తగ్గింది. ఆమె మొహంలో ఏం కనబడిందో గానీ, అతని కోపం నీరుకారిపోతోంది. "నువ్వు మనసు మార్చుకున్నావన్నాడు. మొహం చూపించలేక అమ్మగారింటికి పోయావన్నాడు. బ్యారీని అడుగు, వాడు వ్యానులోనే ఉన్నాడు. లొరేన్, నీకు... నీకు తెలీదా?"

ముప్పై ఏడేళ్ళు. విన్స్ పేరు ఎత్తితే ఉమ్మేసింది. రేడియోలో ఆ పాట వస్తే కట్టేసింది. "నీలాంటి దాన్ని వదిలేసి వెళ్ళారంటే వాళ్ళే దురదృష్టవంతులు," అని ఆ సాయంత్రం పేవ్‌మెంటు మీద ఆమె పక్కన కూర్చుని, భుజం చుట్టూ చెయ్యేసి ఓదార్చింది డెరెకే. ఆ ఓదార్పుకే కరిగి ఆ శరదృతువులో అతన్ని పెళ్ళి చేసుకుంది.

"లొరేన్!"

గేటు అవతల డెరెక్. రెండు చేతుల్లో రెండు కాగితపు కప్పులు, టీ. కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. డెరెక్ చూపు ఆమె మీంచి విన్స్ మీదికి వెళ్ళింది. విన్స్ మీంచి మళ్ళీ ఆమె మీదికి వచ్చింది. టీ అతని చేతుల మీద ఒలికింది. అతను కప్పులు వదల్లేదు.

లొరేన్ గేటు దగ్గరికి నడిచింది.

"జర్మనీ వ్యాను వచ్చినప్పుడు తలుపు తీసింది నువ్వేనా?"

డెరెక్ కప్పుల్లోకి చూశాడు.

"అవునా, కాదా? ఒక్క మాట చాలు."

"నువ్వు వెళ్తే తిరిగి రావనుకున్నాను," అన్నాడు చివరికి. "జర్మనీ, తర్వాత లండను, ఆ తర్వాత ఇంకెక్కడికో. నేను బస్సు నడిపేవాణ్ణి లొరేన్. నాకు నువ్వు తప్ప ఏముంది?"

"నాకు నువ్వు తప్ప ఏమీ లేకుండా చేశావు."

అతను తల దించుకున్నాడు.

"తిరిగొచ్చేదాన్నే," అంది ఆమె. "పదివారాలు. పదివారాలయ్యాక నీ దగ్గరికే వచ్చేదాన్ని. అది కూడా నీకు తెలీకుండా పోయింది చూడు."

వెనక ఎవరో పరుగున వచ్చారు. బెథన్. "జనం వదలడంలేదు. ఆ పాట మళ్ళీ పాడమంటున్నారు." ఆమె గేటు దాకా వచ్చి, వాళ్ళిద్దర్నీ చూసి తటపటాయించింది. అయినా చేతిలోని మైకు లొరేన్ వైపు చాపింది. "సరైన మాట మీరు పాడితే బాగుంటుంది. నేను వెనక అందుకుంటాను."

"బెథన్, ఇది పద్ధతి కాదు," అన్నాడు విన్స్. కానీ అడ్డం రాలేదు.

"లొరేన్, వద్దు," అన్నాడు డెరెక్, కంచె ఊచలకి ఆనుకుని. "కోపంలో పాడితే గొంతు చిరిగిపోతుంది. డాక్టరు చెప్పాడు. మిగిలింది కూడా పోతుంది."

లొరేన్ మైకు అందుకుంది.

"పోతే పోనీ. ఈసారి నా చేతుల్లో పోనీ."

మెట్లు ఎక్కింది. పైన వెలుతురు ఇంకా తగ్గలేదు. మైదానమంతా తలలు. బ్యారీ ఆమెని చూసి, డ్రమ్ము పుల్ల ఎత్తి, కళ్ళు తుడుచుకుని, దెబ్బ వేశాడు. విన్స్ గిటారు అందుకున్నాడు, ఆమె వైపు చూడకుండా.

మొదటి చరణం బెథన్ పాడింది. రెండో చరణం దగ్గర ఆపేసింది. సంగీతం ఒక్కటే నడుస్తోంది.

లొరేన్ పాడింది. ఆ గొంతు పాత గొంతు కాదు. బొంగురుగా, గరుగ్గా, రాయి మీద ఇనుము పెట్టి లాగినట్టు వచ్చింది. ముందువరసలో ఎవరో ఉలిక్కిపడ్డారు. ఎవరో నవ్వారు. ఆమె కళ్ళు మూసుకోలేదు.

"కాగితం కట్టుకుని పనికెళ్ళింది అమ్మ..."

మైదానం సద్దుమణిగింది. ఎక్కడో వెనక ఒక ముసలావిడ గొంతు ఆ మాటని తిరిగి అందుకుంది, ఆ తర్వాత ఇంకొకటి.

లొరేన్ కంచె వైపు చూసింది. గేటు పక్కన నేల మీద రెండు కాగితపు కప్పులు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. డెరెక్ లేడు. జనం మధ్య నుంచి క్లేర్ ఒక్కతే పరుగెత్తుకొస్తోంది, ఫోను పైకెత్తి, నాన్న వెళ్ళిపోయాడన్నట్టు బయటి దారి వైపు చెయ్యి చూపిస్తూ.

ఎక్కడికో తెలీలేదు. చరణంలో ఇంకా మూడు పంక్తులున్నాయి. లొరేన్ ఊపిరి తీసుకుని తర్వాతి పంక్తి అందుకుంది.